కాలిన రబ్బరు వాసన: మా సంఘం కారు నేర్పిన సంగతులు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది ఇదే సభలో ఒక అక్క గొర్రెల పెంపకం గురించి, ఇంకో అక్క పచ్చళ్ల ప్యాకింగు గురించి చక్కగా చెప్పారు. ఈసారి మమ్మల్ని కారు గురించి మాట్లాడమన్నారు. కారు గురించి ఆడవాళ్ల సభలో ఏం మాట్లాడతామని మేము మొదట అనుకున్నాము. కానీ మన సమాఖ్యలోనే ఇప్పుడు కొన్ని సంఘాల దగ్గర ఆటోలు, ట్రాలీలు, కార్లు ఉన్నాయి. అప్పు మన పేరు మీద ఉంది. బండి ఆగితే వాయిదా ఆగదు. అందుకే మా బండికి వచ్చిన ఒక వాసన కథ మీకు చెప్తాము. కాలిన రబ్బరు వాసన.

మా సంఘంలో పన్నెండు మందిమి. బ్యాంకు లింకేజీ అప్పులోంచి, మా పొదుపులోంచి కలిపి ఒక ఏడు సీట్ల డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. పసుపు నంబరు ప్లేటు, అన్ని కాగితాలు ఉన్న బండి. మాలో ఇద్దరు అక్కలు డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నారు. మార్కాపురం ఆసుపత్రికి, ఒంగోలుకు, పెళ్లిళ్లకు, దోర్నాల మీదుగా శ్రీశైలానికి కిరాయికి తిప్పుతాము. నెలకు రూ. 11,500 వాయిదా కట్టాలి. బండి రోడ్డు మీద ఉంటేనే అది కట్టగలం.

బండి కొన్న నాలుగో నెలలో వాసన మొదలైంది. మొదట డ్రైవరు అక్కకే వచ్చింది. వెనక కూర్చున్న వాళ్లకు తెలియలేదు. సైకిల్ టైరు మంటలో వేస్తే వచ్చే కమురు వాసన అన్నమాట. కాసేపు ఉండేది, పోయేది. మా ఊరి దగ్గర షెడ్డులో చూపిస్తే బెల్టు అరిగిందని కొత్తది వేశారు. పది రోజులు బాగుంది. పదకొండో రోజు మళ్లీ అదే వాసన. మళ్లీ తీసుకుపోతే, "బెల్టు నాసిరకం పడిందమ్మా" అని ఇంకోటి వేశారు. అదీ రెండు వారాలే. మూడోసారి వేరే షెడ్డుకు తీసుకుపోయాము. ఆయన బండి ఎక్కి ఒక రౌండు కొట్టి వచ్చి, "క్లచ్ ప్లేటు పోయింది. మొత్తం సెట్టు మార్చాలి, పద్నాలుగు వేలు అవుతుంది, బండి మూడు రోజులు ఇక్కడే ఉంచాలి" అన్నారు.

అక్కలారా, పద్నాలుగు వేలంటే మా వాయిదా కంటే ఎక్కువ. పైగా మూడు రోజుల కిరాయి పోతుంది. ఆ రోజు రాత్రి సంఘం సమావేశం పెట్టుకున్నాము. సగం మంది మార్పిద్దాం అన్నారు, సగం మంది బండి అమ్మేద్దాం అన్నారు. అప్పుడు మా పుస్తకాలు రాసే చెల్లెలు ఒక మాట అంది. "పొదుపు పుస్తకం రాస్తాం, అప్పుల పుస్తకం రాస్తాం, తీర్మానాల పుస్తకం రాస్తాం. ఈ వాసన ఎప్పుడు వస్తోందో మాత్రం ఎక్కడా రాయలేదు. వారం రోజులు రాసి చూద్దాం." సభ ఒప్పుకుంది, తీర్మానం రాశాము.

అలా బండి పుస్తకం మొదలైంది. అందులో ఐదే గడులు: తేదీ, ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, అప్పుడు బండి ఏం చేస్తోంది, చప్పుడు గానీ లైటు గానీ ఏమైనా ఉందా. డ్రైవరు అక్కలు ఇద్దరూ వారం రోజులు రాశారు. ఏడో రోజు చదువుకుంటే మాకే ఆశ్చర్యం వేసింది. వాసన వచ్చినవి అన్నీ పొద్దున్నే స్టార్టు చేసినప్పుడో, ఏసీ వేసినప్పుడో, రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ రెండూ వేసినప్పుడో. ప్రతిసారీ వాసనకు ముందు కీచుమనే చప్పుడు. ఒకరోజు ఆసుపత్రి ముందు పేషెంటు కోసం బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ వేసుకుని కూర్చుంటే కూడా వచ్చింది. అదే బండిలో ఏడుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కినప్పుడు మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. క్లచ్ ప్లేటు కాలాలంటే అది జారాలి. గేరులో ఉండి, ఇంజను తిప్పుతుంటే, చక్రం బరువు లాగుతుంటే అప్పుడు జారుతుంది. క్లచ్ పోయిన బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గోల పెడుతుంది గానీ వేగం పెరగదు. మా బండి ఎత్తు శుభ్రంగా ఎక్కుతోంది. న్యూట్రల్‌లో పెట్టి, పెడలు మీద కాలు తీసేసి ఊరికే నిలబడ్డ బండిలో క్లచ్ జారే పనే లేదు. మరి నిలబడ్డ బండిలో వాసన ఎందుకు వచ్చింది?

అందుకు బెల్టు సంగతి కొంచెం తెలియాలి. మన ఊళ్లో పిండి మర అందరం చూసిందే. మోటారు ఒకచోట, మర ఒకచోట, మధ్యలో బెల్టు. మిరపకాయలు ఒక్కసారిగా గుమ్మరిస్తే మర బరువెక్కి, బెల్టు పుల్లీ మీద జారి, కీచుమని కమురు వాసన వస్తుంది. కారులోనూ అంతే. ఇంజను ముందు భాగంలో ఒక బెల్టు తిరుగుతుంటుంది. అది బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమోను తిప్పుతుంది, ఏసీ కంప్రెసర్‌ను తిప్పుతుంది, చాలా బండ్లలో ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపును, పవర్ స్టీరింగు పంపును కూడా తిప్పుతుంది. ఏసీ వేస్తే కంప్రెసరు బరువు పడుతుంది. లైట్లు వేస్తే డైనమో బరువు పడుతుంది. పొద్దున స్టార్టు చేయగానే బ్యాటరీ తాను ఖర్చుపెట్టింది తిరిగి తీసుకుంటుంది కాబట్టి అప్పుడూ డైనమో బరువే. మా పుస్తకంలో రాసినవన్నీ బెల్టు మీద బరువు పడిన సమయాలే.

మరి కొత్త బెల్టు రెండుసార్లు వేసినా ఎందుకు కాలింది? ఈ ప్రశ్న, ఆ పుస్తకం పట్టుకుని మార్కాపురంలో ఒక పాత మెకానిక్ దగ్గరికి పోయాము. ఆయన బానెట్టు ఎత్తకముందే పుస్తకం అడిగి చదివారు. తర్వాత ఇంజను ఆపి, బెల్టు ఊడదీసి, ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పారు. మమ్మల్ని కూడా తిప్పి చూడమన్నారు. డైనమో పుల్లీ మెత్తగా తిరిగింది. కంప్రెసరుదీ బాగానే తిరిగింది. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు పుల్లీ దగ్గర మాత్రం లోపల ఇసుక పోసినట్టు గరగరమంటూ ఒకచోట పట్టేసింది. దాని బేరింగు పోయింది. బెల్టు తిరుగుతోంది, ఆ పుల్లీ తిరగనంటోంది. రాయి మీద తాడు లాగినట్టు బెల్టు దాని మీద రాసుకుని కాలింది. అలాంటి చోట ఎన్ని కొత్త బెల్టులు వేసినా కాలిపోతాయి.

టెన్షనరు పుల్లీ, కొత్త బెల్టు, కూలీ అన్నీ కలిపి రూ. 2,650 అయ్యాయి. రెండు గంటల్లో బండి ఇచ్చారు. ఆ పాత పుల్లీని అడిగి తెచ్చుకున్నాము. ఇదిగో, ఇదే. చేతి నుంచి చేతికి ఇవ్వండి, అందరూ ఒకసారి తిప్పి చూడండి. ఆ గరగర మీ వేళ్లకు తెలుస్తుంది. అలా చేతికి తెలిసిన సంగతిని ఇక ఎవరూ మనకు వేరేగా చెప్పలేరు.

ఇదంతా మా తెలివి గొప్ప అని చెప్పడానికి కాదు. వాసన పట్టడం మనకు కొత్త విద్య కాదు. పక్కింట్లో అన్నం అడుగంటితే మన ఇంట్లో కూర్చుని చెప్తాం. పాలు పొంగి మాడిన వాసన వేరు, పోపు మాడిన వాసన వేరు, పొయ్యి దగ్గర గుడ్డ అంటుకున్న వాసన వేరు. బండి దగ్గరా అదే ముక్కు పనిచేస్తుంది. పేర్లే కొత్త. మేము తెలుసుకున్నవి వరసగా చెప్తాము, వీఓఏ చెల్లెళ్లు రాసుకుని మీ సంఘాల్లో చదివి వినిపించండి.

ఒకటి. బానెట్టు వైపు నుంచి రబ్బరు వాసన, దానితో కీచుమనే చప్పుడు, ఏసీ వేస్తే ఎక్కువ: బెల్టు గానీ, పుల్లీ గానీ. ఇంజను ఆపి, తాళం చేతిలో పెట్టుకుని బెల్టు చూడండి. పగుళ్లున్నాయా, అంచులు పీచులేచాయా, లోపలి వైపు అద్దంలా మెరుస్తోందా, నూనె తడి ఉందా. నూనె పడితే ముందు ఆ కారే చోటు బాగుచేయించాలి, లేకపోతే కొత్త బెల్టూ పాడవుతుంది. బెల్టు మార్పించేటప్పుడు "పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూశారా అన్నా?" అని తప్పకుండా అడగండి.

రెండు. ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి నడిపినప్పుడు కమురు వాసన, ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు: అది క్లచ్. ఎత్తులో బండిని సగం క్లచ్ మీద నిలబెట్టకుండా బ్రేకు మీద నిలబెడితే ప్లేటు ఎక్కువ కాలం వస్తుంది.

మూడు. ఒక చక్రం దగ్గర నుంచి వాసన: బ్రేకు పట్టేసి ఉండొచ్చు. దీని గురించి మళ్లీ చెప్తాము.

నాలుగు. బరువు ఎక్కువ ఎక్కించినప్పుడు, గుంతలో పడినప్పుడు, మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వాసన: టైరు లోపల బాడీకి రాసుకుంటోంది. టైరు మీద, పైన రేకు మీద రాపిడి గుర్తు కనిపిస్తుంది. సైజు తేడా టైరు వేసినా ఇలా అవుతుంది.

ఐదు. ఒక్కసారే వచ్చి, తర్వాత తగ్గుతూ పోయే వాసన: కింద సైలెన్సరు గొట్టానికి పాలిథిన్ కవరో, ఎరువుల సంచి ముక్కో అతుక్కుని కాలుతుంటుంది. మన రోడ్ల మీద ఇది మామూలే. గొట్టం పూర్తిగా చల్లారాక పుల్లతో గీకేయండి.

ఆరు. నూనె మాడిన వాసన, ఇంజను దగ్గర పల్చటి పొగ: ఆయిలు కారి వేడి గొట్టం మీద పడుతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున ఎక్కడ మరక పడిందో చూస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. అదే పాకం లాంటి తియ్యటి వాసన వస్తే అది రేడియేటరు కూలెంటు. వేడి మీద రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి, మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

ఏడు. ప్లాస్టిక్ కాలిన ఘాటు వాసన, లైట్లు మినుకుమినుకుమనడం, ఫ్యూజు కొట్టేయడం: ఇది వైరింగు. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పల్లెల్లో బండి నాలుగు రోజులు నిలబెడితే ఎలుకలు బానెట్టులో చేరి వైర్లు కొరుకుతాయి. ఈ వాసన వస్తే "ఊరు దాకా పోయి చూద్దాం" అనుకోవద్దు. వెంటనే ఆపాలి. కొట్టేసిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు గానీ, రాగి తీగ గానీ వేయనివ్వకండి. ఫ్యూజు కొట్టేసిందంటే అది మనల్ని కాపాడిందని అర్థం.

ఇప్పుడు ఆ మూడో సంగతి. కార్తీక మాసంలో కిరాయికి శ్రీశైలం పోయి వస్తుంటే, దోర్నాల వైపు ఘాట్ దిగేటప్పుడు మళ్లీ రబ్బరు వాసన వచ్చింది. బెల్టేనేమో అని వెనక కూర్చున్నవాళ్లు భయపడ్డారు. కానీ మా డ్రైవరు అక్క పుస్తకం అలవాటు ప్రకారం ముందు మూడు ప్రశ్నలు వేసుకుంది. ఏసీ వేశామా? లేదు. కీచు చప్పుడు ఉందా? లేదు. ఎక్కడి నుంచి? వెనక ఎడమ వైపు నుంచి. మలుపులో ఆపకుండా, రోడ్డు వెడల్పుగా ఉన్నచోటు వచ్చాక పక్కకు తీసింది. హ్యాండ్ బ్రేకు వేయలేదు. గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టింది. అందరినీ రోడ్డుకు దూరంగా దింపింది. తర్వాత నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూసింది. తాకలేదు, పొయ్యి సెగ చూసినట్టు దూరం నుంచే. మూడు చక్రాలు ఒకలాగే ఉన్నాయి. వెనక ఎడమది మాత్రం సెగలు కక్కుతోంది.

అన్ని చక్రాలూ ఒకేలా వేడెక్కి వాసన వస్తే అది ఎక్కువగా బ్రేకు తొక్కడం వల్ల. దానికి మందు డ్రైవింగులోనే ఉంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులో దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచాలి, న్యూట్రల్‌లో దిగకూడదు. ఒక్క చక్రమే కాలితే ఆ చక్రం బ్రేకు వదలడం లేదని అర్థం. మా బండికి ముందు రోజు రాత్రి పార్కింగులో హ్యాండ్ బ్రేకు వేశారు. దాని కేబులు తుప్పు పట్టి, పొద్దున వదిలినా పూర్తిగా వెనక్కి రాలేదు. చక్రం అలా రాసుకుంటూనే వచ్చింది.

తోటి ప్రయాణికుడు ఒకాయన సీసాతో నీళ్లు పోద్దామన్నాడు. అక్క వద్దంది. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకు తెలుసు, బ్రేకు డ్రమ్ము కూడా పగలొచ్చు. ముప్పావు గంట ఆగారు. చల్లారాక హ్యాండ్ బ్రేకు లివరు రెండు మూడుసార్లు ఎత్తి దించితే కేబులు వదిలింది. ఖాళీ చోట బండిని రెండు బారలు కదిపి బ్రేకు పడుతోందో లేదో చూసుకున్నారు. పడుతోందని తేలాక మెల్లగా రెండో గేరులో దోర్నాల దిగి, అక్కడ షెడ్డులో చూపించి కేబులు మార్పించారు. బ్రేకు పెడలు మెత్తగా లోపలికి పోయి ఉంటే మాత్రం అక్కడి నుంచి కదలకూడదు. వేడి ఎక్కువైతే బ్రేకు ఆయిలు మరిగి బ్రేకు పడకుండా పోతుంది. అలాంటప్పుడు కిరాయి వదులుకుని, వేరే బండి పిలిపించి మనుషుల్ని పంపాలి. కిరాయి రేపు వస్తుంది.

ప్రాణం సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. వాసనతో పాటు పొగ కనిపిస్తే పక్కకు ఆపండి, ఇంజను ఆపండి, పిల్లల్ని, ముసలివాళ్లను ముందు దింపండి, అందరూ దూరం జరగండి. సామాన్ల కోసం వెనక్కి పోవద్దు. బానెట్టు కింద మంట ఉందనిపిస్తే దాన్ని బార్లా తెరవకండి. గాలి తగిలి మంట పైకి లేస్తుంది. ఫైరింజనుకు 101, ఏ ఆపదకైనా 112, దెబ్బలు తగిలితే 108. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లున్న సంఘాల వాళ్లు సిలిండరు వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో డ్రైవర్లందరికీ ముందే చూపించండి.

ఇంకో జాగ్రత్త మనకే ప్రత్యేకం. ఇంజను తిరుగుతుండగా బెల్టు వైపు వంగకండి. చీర కొంగు, చున్నీ, జడ, చేతి గాజు ఏది చిక్కినా లాగేస్తుంది. కొంగు నడుముకు దోపుకుని, జడ ముడి వేసుకున్నాకే బానెట్టు ఎత్తాలి. కొన్ని కార్లలో ఇంజను ఆపినా రేడియేటరు ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. చెయ్యి దూరంగా ఉంచండి.

చివరిగా, ఈ అనుభవం తర్వాత మా సంఘం చేసుకున్న తీర్మానాలు చదువుతాము. మీకు పనికొస్తే మీరూ చేసుకోండి.

మొదటిది, బండి పుస్తకం రోజూ రాయాలి. కిలోమీటర్లు, డీజిలు, వాసన, చప్పుడు, లైటు అన్నీ. సంఘం సమావేశంలో పొదుపు పుస్తకంతో పాటు అదీ చదవాలి.
రెండోది, షెడ్డుకు ఒక్కరే పోకూడదు. డ్రైవరుతో పాటు ఇంకో సభ్యురాలు పుస్తకం పట్టుకుని పోవాలి.
మూడోది, "ఏం మార్చాలి?" అని అడిగే ముందు "ఎందుకు పోయింది?" అని అడగాలి. కారణం చెప్పకుండా సామాను మారుస్తామంటే ఒప్పుకోకూడదు.
నాలుగోది, మార్చిన పాత సామాను, బిల్లు రెండూ తెచ్చి సంఘంలో చూపించాలి.
ఐదోది, ప్రతి కిరాయిలోంచి కొంత సొమ్ము రిపేరు నిధికి తీసి విడిగా జమ చేయాలి. ఆ డబ్బు వేరే అప్పులకు ఇవ్వకూడదు.

పంచసూత్రాలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా, సరైన పుస్తకాలు. ఆ ఐదో సూత్రం డబ్బు లెక్కకే అనుకుంటాం. మా బండి విషయంలో పద్నాలుగు వేల పని రెండు వేల ఆరువందల యాభైలో తేలిందంటే ఆ ఐదో సూత్రం వల్లే. మెకానిక్‌లందరూ మోసం చేస్తారని మేము అనడం లేదు. మార్కాపురం మెకానిక్ మాతో ఒక మాట అన్నారు. "బండి గురించి మీరు నాకు సరిగ్గా చెప్తే నేను సరిగ్గా చేస్తా. ఏదో వాసన వస్తోంది అంటే నేనూ ఏదో చేస్తా." జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎన్ని రోజులుంది అని డాక్టరుకు చెప్తేనే కదా సరైన మందు రాసేది. ఇదీ అంతే.

మా అప్పులో ఇంకా పద్దెనిమిది వాయిదాలు ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. బండ్లున్న సంఘాల వాళ్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత బయట వేపచెట్టు కిందకు రండి. మా కారు అక్కడే ఉంది. ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి బెల్టు, పుల్లీలు ఎక్కడుంటాయో మా డ్రైవరు అక్కలు చూపిస్తారు. బండి పుస్తకం గడులు ఎలా గీయాలో కూడా రాసి ఇస్తాము. ఆ పుల్లీ తిరిగి వచ్చాక మాకు ఇచ్చేయండి, వచ్చే నెల వేరే మండలం వాళ్లు చూపించమన్నారు.